మేకలు లేని సంత

ఆరేళ్ళుగా గుండెల మీద కుంపటి పెట్టుకుని తిరుగుతున్నాను. ఇవాళ దింపుతున్నాను. మీరు క్షమించాలని కాదు. క్షమించే హక్కు మీకెక్కడిది? వినండి, చాలు.

అప్పుడు అమెరికాలో, ఇర్వింగ్ అనే ఊళ్ళో ఉపగ్రహం ఫోటోలు చూసే ఉద్యోగం నాది. ఎడారిలో కనబడే బండ్లు, గుడారాలు ఏమిటో గుర్తుపట్టి ఒకరు రాస్తారు. ఇంకొకరు ఆ ఫోటో మళ్ళీ తెరిచి చూసి పాస్ చేయాలి. మాలి దేశం ఉత్తరాన తువారెగ్ అనే ఎడారి తెగవాళ్ళు ప్రభుత్వం మీద తిరగబడిన రోజులవి. మా రిపోర్టులు అక్కడి సైన్యానికి వెళ్ళేవి.

నా కింద స్రవంతి అనే అమ్మాయి పనిచేసేది. నాకో గొప్ప మర్యాద ఉండేది లెండి: మన తెలుగువాళ్ళ పని తెరిచి చూసేదాన్ని కాదు. చూస్తే అనుమానించినట్టు కదా! ఈ సంగతి ఆమెకు తెలియదు.

ఒక శుక్రవారం, సైనిక శిబిరానికి రెండు గంటల దూరంలో పికప్ బండ్లు గుంపుగా ఆగి ఉన్న ఫోటో ఆమెకు వచ్చింది. ‘సంత’ అని రాసి, కింద నాకొక నోట్ పెట్టింది. నేను లంచ్‌కి లేస్తూ పాస్ కొట్టేశాను. ఆదివారం పొద్దున ఆ బండ్లే శిబిరం మీద పడ్డాయి. ఎంతమంది సైనికులు పోయారో ఒక్కో వార్త ఒక్కోలా చెప్పింది. సోమవారం ఆ నోట్ మొదటిసారి చదివాను. సంత అన్నాక మేకలు ఉండాలి కదా, ఒక్కటీ కనబడట్లేదు, కొంచెం చూడమని అడిగింది.

ఆ సాయంత్రం పార్కింగ్ లాట్‌లో, నా కార్‌లో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది.

“అక్కా, నువ్వు ఓపెన్ చేసి చూశావు కదా? నీక్కూడా మార్కెట్ లాగే అనిపించింది కదా?”

“చూశానమ్మా. నాకూ మార్కెట్ లాగే అనిపించింది. టెన్షన్ పడకు.”

ఎందుకన్నాను ఆ మాట? వీసా భయమా? కాదు, అప్పటికే గ్రీన్ కార్డ్ చేతిలో ఉంది. ఆమెను ఓదార్చడానికా? చాలా ఏళ్ళు నాకు నేను అలాగే చెప్పుకున్నాను, అదీ దొంగమాటే. డేగ కళ్ళని ఆఫీసులో నాకు పేరు. ఆ పేరు పోతుందని, ఆ పిల్ల అనుమానమే సరైనదని చెప్పకుండా, తన కళ్ళ మీద తనకున్న నమ్మకాన్ని పీకేశాను.

చూసి చెప్పినా సైన్యం నమ్మేదా అంటూ నన్ను వెనకేసుకు రాకండి. తిరగబడ్డవాళ్ళ గోడు ఏమిటో తర్వాత కూర్చుని చదివాను. వాళ్ళ న్యాయం వాళ్ళది. నా తప్పు నాది. దాన్ని ఎవరి నెత్తినా రుద్దను.

స్రవంతి ఆ పని మానేసి క్యారీ అనే ఊరికి వెళ్ళిపోయింది. ఇప్పటికీ కొడుక్కి జ్వరం వస్తే థర్మామీటర్ ఫోటో తీసి నాకు పంపుతుంది. తను చదివిన అంకె సరైనదేనా అని నన్ను అడుగుతుంది. నేను సరైనదే అంటాను. అప్పుడుగానీ మందు వేయదు.

ఒప్పుకుంటే పాపం పోతుందంటారు. పోదు. పోకపోతే పోనీ, ఊపిరి ఆడుతోంది. ఇది చదివి ఆమె నా మొహం చూడకపోయినా సరే. ఆమె సరిగ్గానే చూసింది. నేను ఆ ఫోటో తెరవనే లేదు.