పెరట్లో పడవ

రాయడం నాకు కొత్త. మా ఇంటాయన పేరు నేను ఎప్పుడూ పలకలేదు, ఇక్కడ కూడా రాయలేను. ఆయనది పులికాట్ సరస్సు ఒడ్డున పల్లె. నన్ను చేసుకుని చంద్రగిరిలో మా నాయన ఇంట్లోనే ఉండిపోయాడు. ఎమర్జెన్సీ పెట్టిన ఏడు వాళ్ల నాయన పోతే, ఆ ముసలాయన చేపల పడవను మా ఇంటాయన లారీలో తెచ్చి మా పెరట్లో దించాడు.

పుచ్చిన చెక్కలు మార్చాడు. సందుల్లో నూలు కూరి గుగ్గిలం పూశాడు. ఎండిన చెక్క ఉబ్బి సందులు మూసుకోవాలని రోజూ పడవలో నీళ్లు పోసేవాడు. తర్వాత కిందికి వంగి, కారే చోట బొటనవేలు పెట్టి, "ఈడింకా ఉండాది మే" అనేవాడు. వీధి కొళాయి నుంచి ఆ నీళ్లు మోసేది నేనే.

"సెట్టుకు పోసినా కాయలన్నా కాసును" అని విసుక్కునేదాన్ని. ఆయన నవ్వేవాడు.

ఒకరోజు చుక్క కూడా కారలేదు. నీళ్లన్నీ తోడేసి, లోపల తుడిచి, నన్ను పిలిచాడు.

"రా మే, ఎక్కు. ముందు నువ్వు కూసో, ఎనకాల నేను కూసుంటా."

గోడ అవతల నుంచి పక్కింటి ఆడవాళ్లు చూస్తున్నారు.

"నీళ్లు లేని సోట పడవెక్కితే నవ్వుతారయ్యా. నేనెక్కను, పో."

ఆయన ఒక్కడే ఎక్కి చాలాసేపు కూర్చున్నాడు. ముందు చోటు నాకే వదిలిపెట్టాడు.

ఆ ఏటి వానల్లోనే జ్వరం వచ్చి పోయాడు. పడవను మరిది పులికాట్‌కు తీసుకుపోయాడు. మరుసటేడు నేను అక్కడికి వెళ్తే, "మాయన్న బాగుసేసిన పడవ వదినా, సుక్క నీళ్లు రావు. ఎక్కు" అన్నాడు.

ఒడ్డంతా జనం. చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని ఎక్కి, ముందు కూర్చున్నాను. వెనక పడవ తోసే గెడ పట్టుకుని మరిది నిలబడ్డాడు. ఎవరూ నవ్వలేదు.