ఒళ్లో చక్రం

సికింద్రాబాద్‌లో యాప్రాల్ బస్సెక్కాను. పక్క సీట్లో యాభై ఏళ్లామె. ఒళ్లో టైరు లేని బైకు చక్రం.

"రిపేరుకా అక్కా?"

"నేనే చేసిన. కొత్త రిమ్ముకు స్పోకులు అల్లిన, వంకర తీసిన. మా కొడుకు బండి. యాక్సిడెంట్ల వాడు పోయిండు. తుక్కుకెయ్యమన్నరు, మనసొప్పలే."

చక్రం నా వైపు జరిపి, "ఇరుసు జెర పట్టుకో" అంది. రెండు కొసలా పట్టుకున్నాను. చక్రాన్ని తిప్పి, రిమ్ముకు వెంట్రుకవాసి దూరంలో బొటనవేలి గోరు పెట్టింది. ఎక్కడా తగల్లేదు. అది ఆగేదాకా ఇద్దరం చూస్తూ కూర్చున్నాం.

"ఎవరు నడుపుతారు?"

"నేనే. నేర్చుకుంట. ఆదివారం వాడే వెనక కూసోబెట్టుకొని చర్చికి తీస్కపోయేటోడు."

ఇప్పటికీ ఆ దారిలో బైకు చప్పుడు వినబడితే, నడిపేదెవరోనని తలెత్తి చూస్తాను.