మా అప్ప ఎగబాకుడు మాను

మా చిన్నతనంలో, అరవైల చివర... గజపతినగరం దగ్గర పల్లెలో, మా వీధరుగు మీద కూర్చుని మా అప్ప ఒక చెట్టు గురించి చెప్పేది. అప్ప అంటే మా అక్క. జ్వరమొచ్చి రెండు కాళ్లూ చచ్చుబడిపోయాయి తనకి.

ఆ చెట్టు పేరు ఎగబాకుడు మాను. లోకంలో ఎక్కడా లేదు, అప్పే పుట్టించింది. అది ఉన్నచోట ఉండదట... వేళ్లతో పాక్కుంటూ గోడలూ గట్లూ ఎక్కేస్తుందట. బెరడు ఆవు పొట్టలా వెచ్చగా ఉంటుందట. నాలాంటి కోతులెక్కితే దులిపి పారేస్తుందట! నడవలేనివాళ్లకి మాత్రం కొమ్మ వంచి, కూర్చోబెట్టుకుని, పైకి లేపుతుందట.

ఆ ఏడు అయ్య, అంటే మా నాన్న, అప్పని భుజాన ఎక్కించుకుని విజయనగరంలో అమ్మవారి జాతరకి సిరిమాను ఊరేగింపు చూపించాడు. అంత పొడుగు మాను చివర పూజారి ఆకాశంలో కూర్చుని వస్తుంటే అప్ప రెప్ప వేయలేదు. ఆ మాను ఎక్కడుందో అమ్మవారే పూజారికి కలలో చెబుతుందని, వెతికి పసుపూ కుంకుమా పెట్టి తెస్తారని అయ్య చెప్పాడు.

కొన్నాళ్లకి అప్ప పొద్దున్నే లేచి అంది. "అయ్యా, నా మాను కల్లోకొచ్చినాది. కొండవతల జీడితోటలో ఉన్నాది."

అమ్మ నవ్వింది. అయ్య నవ్వలేదు. పసుపు పొట్లం రొంటిన దోపుకుని బయల్దేరాడు. సాయంత్రం ఉత్త చేతులతో వచ్చి, "ఇయ్యాల అవుపడలేదమ్మా, రేపు సూత్తాను" అన్నాడు.

పొలం పని అయ్యాక రోజూ అదే వరస... ముళ్లు గుచ్చుకున్న అయ్య కాళ్లు చూసి అప్ప ఏడ్చింది. నన్ను దగ్గరికి లాక్కుని, "ఒసే, నాను ఊరికే అన్నానే. అయ్యకి సెప్పకు, బాధపడతాడు" అంది.

అయ్యతో మాత్రం, "నువ్వు తిరక్కయ్యా. అదే పాక్కుంటా వత్తన్నాది. కొండ దిగిపోనాది" అనేది.

ఆపై వచ్చిన వానల్లో జ్వరం మళ్లీ వచ్చింది. అప్ప మాకు దక్కలేదు.

దినాలయ్యాక ఉండబట్టలేక అయ్యకి చెప్పేశాను... ఆ కల అబద్ధమని.

"నాకు తెల్సే" అన్నాడు. "ఎతకడం మానేత్తే, మీ అప్పకింక నడక రాదని నానే ఒప్పేసుకున్నట్టు గాదేటే?"

పసుపు పొట్లం అప్పటికీ ఆయన రొంటినే ఉంది.

ఇప్పుడా జీడితోట లేదు, అన్నీ ఇళ్ల స్థలాలు. అటు వెళ్తే వంగిన కొమ్మ ఏదైనా ఉందేమోనని నా కళ్లు ఇంకా వెతుకుతాయి... మీ కోసం లేని చెట్టుని వెతికినవాళ్లు మీ ఇంట్లోనూ ఉండే ఉంటారు. వాళ్ల గురించి ఒక్క మాట చెప్పండి... ఇవాళ వినాలనుంది.