పక్కన నిలబడిన ఓబుళక్క

విమానంలో దుప్పటి కవరు చింపగానే కొత్త గుడ్డ వాసన గుప్పుమంటుంది. ఎనిమిదేళ్లుగా ఎయిర్‌హోస్టెస్‌గా పనిచేస్తున్నా, ఆ వాసన ఇప్పటికీ నన్ను వెనక్కి తీసుకెళ్తుంది. డిగ్రీ అయిన కొత్తలో ప్రొద్దుటూరులో నేను పనిచేసిన గుడ్డల అంగడి గుర్తొస్తుంది. దాని వెంటే ఓబుళక్క. ఇరవై ఏళ్లుగా ఆ అంగట్లో చీరలు చూపించిన మనిషి. పొట్టిగా, గట్టిగా ఉండేది. నవ్వు తక్కువ. నాకేమో మనుషులంటేనే భయం. ఎవరైనా గొంతు పెంచితే చేతిలోని చీర మడత జారిపోయేది.

ఒక మధ్యాహ్నం ఒకతను ఉతికిన చీర తెచ్చి, రంగు పోయింది, మార్చమన్నాడు. ఓనరును అడిగి చెబుతానన్నాను. ఆ మాట పూర్తికాకముందే చీరను నా ముఖాన విసిరికొట్టాడు. జరీ అంచు కంటి కింద గీరుకుంది. ఓబుళక్క తన ముందున్న గిరాకీని వదిలేసి వచ్చి, భుజం భుజం తగిలేలా నా పక్కన నిలబడింది.

"ఏందప్పా?" అంది, మెల్లగా.

"మాది పులివెందుల. తెల్సా?" అని అరిచాడతను.

"నాదీ ఆ ఊరేలేప్పా. ఆడపిల్లల మొగం మీద చీరలు ఇసిరేది ఆడ నేనెప్పుడూ సూడలేదు."

గొడవ పెరుగుతుందని ఓనరు కంగారుగా వచ్చి, "ఒగ మాట సారీ చెప్పు పాపా, అయిపోతాది" అన్నాడు. నేను చెప్పబోయాను కూడా. ఓబుళక్క నా చెయ్యి పట్టుకుని ఆపింది. "తప్పు చేసింటే నేనే చెప్పించేదాన్ని. చెయ్యలేదు. చెప్పదు." అతను నావైపు వేలు చూపి, "బయటికి రాకుండా పోతావా" అని వెళ్లిపోయాడు.

మరునాటి సాయంత్రం అంగడి ఎదురుగా మోటారు సైకిలు మీద కూర్చుని ఉన్నాడు. ఆ తర్వాతి రోజూ అంతే. ఓబుళక్క నన్ను ఇంటి దాకా దిగబెట్టేది. దారిలో వెనక బండి శబ్దం వినబడితే చాలు, ఆమె చెయ్యి పట్టుకునేదాన్ని. ఇంట్లో చెబితే పని మాన్పిస్తారని అదొక భయం. మూడో సాయంత్రం ఆమె ఒక్కతే రోడ్డు దాటి అతని దగ్గరికి వెళ్లింది. అంగడి అద్దం తలుపులోంచి చూస్తున్నాను. వాళ్లిద్దరికీ నాకూ మధ్య అడ్డంగా బస్సు వచ్చి ఆగింది. అది కదిలేదాకా నాకేమీ కనబడలేదు. కదిలేసరికి అతను బండి తిప్పుకుని వెళ్లిపోతున్నాడు.

ఓబుళక్క తిరిగొచ్చి స్టూలు మీద కూలబడి నీళ్లడిగింది. స్టీలు గ్లాసు ఆమె పళ్లకు టకటకా కొట్టుకుంది.

"ఏమన్నావక్కా?"

"పేరడిగితి. నాయన పేరడిగితి. రేపు మీ ఇంటికొచ్చి మీ అమ్మతో మాట్లాడ్తా అంటి."

"భయం కాలేదా?"

"కాకేమి? కాళ్లు శానా వణికినాయి."

అతను మళ్లీ రాలేదు. నాకు మాత్రం ఆ గ్లాసు శబ్దం చెవుల్లో ఉండిపోయింది. అన్నాళ్లూ ఆమెకు భయమే తెలియదనుకున్నాను.

పోయినేడాది విమానం దిగబోతుండగా ఒకాయన లేచి నిలబడ్డాడు. కూర్చోమంటే, "నువ్వెవతివి నాకు చెప్పేదానికి?" అని చెయ్యెత్తాడు. అంగడికైతే వాకిలి ఉంటుంది. గాల్లో ఎక్కడికి తప్పుకుంటాం? తోటి అమ్మాయిని పిలిచి పక్కన నిలబెట్టుకున్నాను. గొంతు తగ్గించి, "మీ పేరేంటి సార్?" అని అడిగాను. మా ఇద్దర్నీ ఒకసారి చూసి కూర్చున్నాడు. కిందికి దిగాక మా పై అధికారి, "పోనీలేమ్మా, వదిలెయ్" అన్నారు. అయినా ఫిర్యాదు రాసిచ్చాను. అది ఏమైందో నాకెవరూ చెప్పలేదు.

పోయిన నెల జమ్మలమడుగు వెళ్లి ఓబుళక్కను చూశాను. పని మానేసి చెల్లెలి దగ్గర ఉంటోంది. విమానంలో జరిగిందంతా విని అడిగింది.

"ఇంగా భయపడతాండావా?"

"పడతాండానక్కా."

"పడు పాపా. ఒంటిగా మాత్రం పడొద్దు."

ఇప్పుడు విమానంలో కేకలు వినిపిస్తున్న సీటు దగ్గరికి తోటి అమ్మాయి ఎవరైనా వెళ్తుంటే, చేతిలో ఏ పనున్నా వదిలేసి నేనూ వెళ్లి పక్కన నిలబడతాను. ఇద్దరికీ భయంగానే ఉంటుంది.