అందరూ గొప్పగానే రాశారు

ఆ రోజుల్లో ఎంఫిల్ చేస్తున్నానంటే మా హన్మకొండ బజారులో దుకాణాల వాళ్లు స్టూలు వేసి కూచోమనేవారు. ఎంఫిల్ అంటే ఏమిటో వాళ్లకు తెలియదు. నాకూ తెలియదు కాబట్టి ఆ గౌరవానికి ఏ లోటూ రాలేదు. నా అంశం ఎనుమాముల మార్కెట్లో మిర్చి రైతుల అమ్మకం పద్ధతులు. సామాజిక ప్రాధాన్యం దృష్ట్యా దాన్ని ఎంచుకున్నానని ముందుమాటలో రాశాను గాని, మా పెదబాపుకు అక్కడ రైతుల సరుకు కమీషన్ మీద అమ్మిపెట్టే అడ్తి దుకాణం ఉండటమూ, మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలో నాకూ వాటా దొరకడమూ ఆ ఎంపికలో కొంత పాత్ర వహించాయి.

మా గైడును మేమందరం ఎర్రపెన్ను సారు అనేవాళ్లం (ఆయన ఎదుట కాదు). ఇదివరకు ఈ అంశం మీద వచ్చిన పరిశోధనలన్నీ చదివి, విమర్శించి, మొదటి అధ్యాయం రాసుకు రమ్మన్నారాయన. పదకొండు సిద్ధాంత వ్యాసాలు తిరగేసి ముప్పై పేజీలు రాశాను. మొదటిది ప్రశంసనీయం అన్నాను, రెండోది అమోఘం, మూడోది మరువరానిది. ఏడోదానికి వచ్చేసరికి విశేషణాలు అయిపోయి, తెలుగు ఎంఏ చదివే మిత్రుణ్ణి అడిగి మరో అయిదు తెచ్చుకున్నాను. సారు మొత్తం చదివి పెన్నుకు మూత పెట్టారు. ఆ మూత చప్పుడు నాకు బాగా గుర్తు.

"ఏందయ్యా ఇవి? సన్మాన పత్రాలా?"

"కాదు సార్, సమీక్ష."

"అందరూ ఇంత గొప్పగ రాసిన్రు గదా, మరి నువ్వెందుకు రాస్తానవ్? ఇంటికి పో."

ప్రశ్న న్యాయమైనదే. తప్పు నాది కాదు, నా పెంపకానిది. మాది కిరాణా దుకాణం. తూకం కంటే ముందు బాపు నాకు నేర్పింది, పక్క దుకాణం సరుకుకు వంక పెట్టొద్దని. "అక్కడ కందిపప్పు ఎట్లుంటదే?" అని ఎవరన్నా అడిగితే, "మంచిగనే ఉంటది, మాది సుత ఒకపారి చూడున్రి" అనాలి. అలా పెరిగిన వాడికి, పెద్ద డిగ్రీ ఉన్న మనిషి రాసినదానిలో ఫలానా లోపముందని రాయాలంటే చెయ్యి కదలదు. మూడు వారాల్లో అధ్యాయం సరిగ్గా రాకపోతే సంతకం పెట్టేది లేదన్నారు సారు. ఆ సంతకం లేకపోతే సమర్పణ లేదు. సమర్పణ లేకపోతే గల్లాపెట్టె దగ్గర కూచుంటానని నేను బాపుకు అప్పటికే మాటిచ్చి ఉన్నాను. (బాపు ఆ చోటు తుడిపించడం మొదలుపెట్టాడు కూడా.)

ఎనుమాములకు పోయి పెదబాపు దగ్గర నా గోడు వెళ్లబోసుకున్నాను. ఆయన లేచి, అప్పుడే ఒక రైతు దించిన మిర్చి బస్తాలో మోచేతి దాకా చెయ్యి దూర్చాడు. అడుగు నుంచి పిడికెడు కాయలు తీసి, ఒకటి చెవి దగ్గర ఆడించి, మరొకటి విరిచి చూశాడు.

"సరుకు జబర్దస్త్‌గున్నది తమ్మీ. రంగు సుత మంచిగున్నది. గని అడుగున జర తేమున్నది."

"నిజమే సేటూ, మొన్న పొద్దుగాల మంచు పడ్డది" అన్నాడు రైతు. తగాదా లేదు, అలకా లేదు.

పెదబాపు నా వైపు తిరిగి, "పైపైన చూసి మెచ్చుకునుడు చూసుడు గాదురా. అట్లని తిట్టుడు సుత చూసుడు గాదు. నువ్వు గా పుస్తకాలల్ల ఎందాక చెయ్యి పెట్టినవ్?" అని అడిగాడు.

నిజం చెప్పాలంటే, ముందుమాట దాకా. కృతజ్ఞతలు మాత్రం పూర్తిగా చదివాను. సిగ్గుపడి నేనూ బస్తాలో చెయ్యి పెట్టి చూశాను. తర్వాత అదే చేత్తో కన్ను నులుముకున్నాను. పరిశోధనలో నేను స్వయంగా నిర్ధారించిన మొదటి విషయం అదే.

కన్ను తెరుచుకున్నాక పదకొండింటినీ మొదటి నుంచి చదివాను. ఒకాయన పెద్ద రైతులనే కలిశాడు, మరొకాయన పంట పోటెత్తే నెలలోనే వచ్చిపోయాడు. అన్నీ ఉన్నదున్నట్టు రాసుకున్నాను. చిక్కంతా పదకొండోదానితోనే వచ్చింది. అది మా సారుదే. ఆయన యార్డుకు వచ్చిన రైతులను వివరంగా అడిగారు, బండి కిరాయి పెట్టుకోలేక ఊళ్లోనే దళారికి అమ్ముకున్నవాళ్ల ఊసే లేదు. రాయకపోతే సమీక్ష అబద్ధం, రాస్తే గల్లాపెట్టె. రెండు రోజులు ఆలోచించి, "ఈ పరిశోధన వివరాల్లో నిక్కచ్చిగా ఉంది. అయితే మార్కెట్‌కు రాలేని రైతులు ఇందులో లేరు" అని రెండే వాక్యాలు రాశాను.

సారు చదువుతూ పదకొండో పేరా దగ్గర ఆగారు.

"ఇది ఎవలదో ఎర్కేనా?"

"మీదే సార్."

"ఆఖరిదాక చదివినవా?"

"చదివిన సార్."

"అనుబంధాలు సుత?"

"అవి సుత సార్."

ఆయన కిటికీ వైపు తిరిగారు. "ఇన్నేండ్లల్ల చదివిన్నని చెప్పినోళ్లు మస్తుమంది. చదివినోనివి నువ్వొక్కనివే" అన్నారు, నాతోనో కిటికీతోనో. తర్వాత నా వాక్యం కింద ఎర్రగా "ఎందుకు లేరో నువ్వు కనుక్కో" అని రాసి, సంతకం పెట్టారు. ఆ వేసవంతా అలాంటి రైతుల కోసం కేసముద్రం చుట్టుపక్కల ఊళ్లు తిరిగాను. గల్లాపెట్టె దగ్గర మా తమ్ముడు కూచున్నాడు, నాకంటే బాగానే.

ఇప్పుడు నేనూ విద్యార్థులకు గైడునే. "మీ థీసిస్ చదివినం సార్, సూపర్ ఉన్నది" అంటుంటారు వాళ్లు. మొన్న లైబ్రరీలో నా పుస్తకం దుమ్ము దులిపి తీశాను. ఒకచోట పట్టికలో నలభై మంది రైతులున్నారు, దాని కింది వివరణలో ముప్పై తొమ్మిది. ఆ మిగిలిన ఒక్కడూ ఎవరో, ఏ ఊరి దగ్గర జారిపోయాడో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. దిద్దుదామని పెన్ను తీసి, మళ్లీ జేబులో పెట్టుకున్నాను. ఎవరో ఒకరు అంతదాకా చదివి, ఏం చెప్పాలో తెలియక నా గది గుమ్మంలో తచ్చాడే రోజు వస్తుందేమో. వాళ్ల కోసం ఆ తప్పును అలాగే ఉంచి, పుస్తకాన్ని కాస్త చేతికందే అరలో పెట్టి వచ్చాను.