అత్తమ్మ గుండ్లు, సిస్టరమ్మ నాతాళ్

కోడలు అత్తను పొగిడితే వినేవాళ్ళు ముందు కోడలి ఆరోగ్యం గురించి అడుగుతారు. నాకే జబ్బూ లేదు. ఇది కళ్ళారా చూసిన సంగతి. ఇందులో నేను పెంచి చెప్పినవి ఏమైనా ఉంటే అవి మా టీవీ సైజులాంటి చిల్లర విషయాలే.

ఆ టీవీ దగ్గరే మొదలుపెడతాను. మా చంద్రపూర్ బొగ్గుగనుల క్వార్టర్లలోకి కేబుల్ కొత్తగా వచ్చిన రోజులవి. ఒక నల్లటి తీగ కరెంటు స్తంభం మీంచి వేపచెట్టు మీదికి దూకి, ఎవరో ఆరేసిన లుంగీల మధ్య నుంచి మా కిటికీలోకి దూరి, సగం ప్రపంచాన్ని తెచ్చి ముందుగదిలో కుమ్మరించింది. గనిలో బ్లాస్టింగ్ జరిగినప్పుడల్లా తెరమీది బొమ్మ అదిరేది. వార్తలు చదివే అమ్మాయి కూడా ఉలిక్కిపడి కాస్త పక్కకు జరిగేదని అత్తమ్మ గట్టిగా నమ్మేది.

అన్ని చానళ్ళలోనూ ఆమెకు నచ్చింది ఒక్కటే, ఇంగ్లీషు నవ్వుల సీరియల్. ఆమెకు ఇంగ్లీషు రాదు. మంచిర్యాల వైపు నుంచి కాపురానికి వచ్చి ఎన్నేళ్ళయినా, మరాఠీ కూడా కూరగాయల బేరం దాటి ముందుకు పోలేదు. అయినా ఆ సీరియల్ వదిలేది కాదు. అందులో ఎవరు జారిపడినా, ఎవరు తుమ్మినా, కనపడని జనం ఘొల్లున నవ్వుతారు కదా, ఆ జనం మీద ఆమెకు జాలి. తెర వెనక ఇంకో గదిలో వాళ్ళను కూర్చోబెట్టారనీ, పొద్దస్తమానం నవ్వించుకుంటూ ఒక్క చాయ్ చుక్క కూడా పోయరనీ బాధపడేది.

అనువాదం నా ఉద్యోగం. నేను బల్లార్షా దగ్గరి కోఠారిలో మరాఠీ బడిలో చదివినదాన్ని. ఇంగ్లీషు మాట నా చెవిలో పడి, మరాఠీ మీదుగా తెలుగులోకి వచ్చేసరికి, బల్లార్షా స్టేషన్లో మూడు బళ్ళు మారిన ప్రయాణికుడిలా సగం సామాను పోగొట్టుకునేది. పోయిన సామాను బదులు నేనే సొంతంగా కొంత సర్ది పంపేదాన్ని. కొత్త కోడలికి అంతకంటే పెద్ద హోదా ఏ ఇంట్లోనూ దొరకదు.

ఇక గుండ్లు. అత్తమ్మ పెళ్ళిలో పుస్తెలు కట్టారు గానీ, వాటికి అటూ ఇటూ ఉండాల్సిన బంగారు గుండ్లు తర్వాత చేయిస్తామన్నారు. ఆ 'తర్వాత' అనే మాట ఆమెతోపాటు ఊళ్ళు మారింది, పిల్లల్ని కన్నది, కళ్ళద్దాలు పెట్టుకుంది. ప్రతిసారీ బంగారానికి అడ్డంగా ఏదో ఒకటి వచ్చి నిలబడేది. ఒకసారి ఊళ్ళో ఇంటి కప్పు, ఒకసారి ఆడబిడ్డ కానుపు, చివరిసారి కొడుకు పెళ్ళి ఖర్చు రూపంలో సాక్షాత్తూ నేను. ఎట్టకేలకు ఆ డిసెంబరులో మామయ్య రెండు గుండ్లు చేయించి తెచ్చాడు. అత్తమ్మ లెక్క ప్రకారం అవి ఉసిరికాయలంత. మా వీధిలో గిట్టనివాళ్ళ లెక్క ప్రకారం ఆవగింజలంత. నేను రెండు వర్గాలకూ చెందను కాబట్టి మిరియాలంత అంటాను. వచ్చే శుక్రవారం కొత్త పసుపుతాడుకు ఎక్కించాలని కుంకుమ భరిణెలో దాచింది. దాచింది అంటే, రోజూ వీధి వీధంతా చూసేటంత రహస్యంగా దాచింది.

ఆ శుక్రవారానికి ముందే ఒక సాయంత్రం సీరియల్లో క్రిస్మస్ కథ వచ్చింది. పక్క క్వార్టర్ సిస్టరమ్మ కూడా చూడ్డానికి వచ్చింది. ఆమె గని దవాఖానాలో నర్సు, మరాఠీ క్రైస్తవురాలు. భర్త ఆవర్‌పూర్ సిమెంటు ఫ్యాక్టరీలో పని చేస్తూ సెలవు దొరికినప్పుడు వచ్చేవాడు. రోగుల దగ్గర నేర్చుకున్న తెలుగు కాబట్టి నొప్పులూ మందుల వరకు గడగడా మాట్లాడేది, మిగతాది కుంటుతూ నడిపేది. వాళ్ళింట్లో మంగళసూత్రం ఆనవాయితీ లేదు. మెడలో నల్లదారానికి చిన్న శిలువ ఉండేది. నిండు ముత్తయిదువ మెడ అట్లా బోసిగా ఉండటం అత్తమ్మకు ఎప్పటినుంచో గుండెలో ముల్లు.

తెరమీద ఒక అమ్మాయి ఎర్రకోటు కొనుక్కోవాలని ఏడాదంతా కలలు కంటోంది. మేడ కింద ఒక ముసలామె చలికి వణుకుతోంది. గది మధ్యలో తళతళలాడే చెట్టు. నేను అనువాదం అందుకున్నాను. క్రిస్మస్‌ను మరాఠీలో నాతాళ్ అంటారు. నా నోటికి అలవాటైన మాట అదే. కాబట్టి ఆ అమ్మాయి నాతాళ్ కోసం ఎదురుచూస్తోందనీ, నాతాళ్ లేకపోతే బతుకే లేదంటోందనీ, అందరూ నాతాళ్ గురించే మాట్లాడుకుంటున్నారనీ ధారాళంగా చెప్పుకుపోయాను. అత్తమ్మ ఎన్నడూ లేనంత గంభీరంగా వింటోంది. చెట్టుకు అన్ని బంగారు వస్తువులు వేలాడదీసినోళ్ళు ఆ పిల్లకు ఒక్కటి తెంపి ఇయ్యచ్చు కదా అని సణిగింది. ఆ మాట నాకప్పుడు వింతగా తోచలేదు. టీవీ చూస్తూ ఆమె దేశాధినేతలకు కూడా సలహాలిచ్చేది.

అంతలో సిస్టరమ్మ కళ్ళు తుడుచుకుంది. ఏమైందని అడిగితే నాకు మరాఠీలో చెప్పింది. పండుగ రోజు సెలవు ఆమెకే వచ్చిందట. కానీ ఇంకో నర్సు చంటిపిల్లను తీసుకుని పుట్టింటికి పోవాలని ఏడుస్తుంటే, ఆ సెలవు తనే ఆమెకు ఇచ్చేసిందట. అక్కడ భర్తకూ డ్యూటీ, ఇక్కడ తనకూ డ్యూటీ. ఇంత చెప్పి, తను మావ్‌శీ, అంటే పిన్ని అని పిలిచే అత్తమ్మను కూడా మాటల్లో కలుపుకోవాలని తెలుగులో ఒక్క ముక్క అంది.

"మావ్‌శీ, ఈ సాల్ మాకు నాతాళ్ లేదు."

అత్తమ్మ ఆమె మెడవైపు చూసింది. తెరవైపు చూసింది. లేచి లోపలికి వెళ్ళింది. సీరియల్ రక్తి కట్టిన ఘట్టంలో ఆమె లేవడం అదే మొదటిసారి. తెరమీద ఆ అమ్మాయి కొత్తకోటు తీసి ముసలామె భుజాల మీద కప్పుతోంది, కనపడని జనం మొదటిసారి నవ్వకుండా చప్పట్లు కొడుతున్నారు. అప్పుడు అత్తమ్మ తమలపాకుతో బయటికొచ్చి, దాన్ని సిస్టరమ్మ చేతిలో పెట్టింది. ఆకులో రెండు గుండ్లు.

"తీస్కో సిస్టరమ్మా. మెడల ఏస్కో."

సిస్టరమ్మ మొహం నేను జన్మలో మరచిపోను. "నాతాళ్‌కా మావ్‌శీ?" అని అడిగింది. నాతాళ్‌కే, ఇంకెందుకు అని అత్తమ్మ ఆమె పిడికిలి మూసింది. ఆమె వద్దంది, ఈమె వినలేదు. ఒకరు మరాఠీలో, ఒకరు తెలుగులో ఏడ్చారు. నేను ఏ భాషా రానిదానిలా నిలబడిపోయాను. మా అత్తమ్మ పరాయి పండుగకు ఇంత పెద్ద కానుక ఇస్తుందని కలలో కూడా అనుకోలేదు మరి.

మర్నాడు పొద్దున బొగ్గులపొయ్యి అంటిస్తూ అత్తమ్మ అడిగింది.

"అవునే బిడ్డా, నిన్న నేను లోపలికి పోయిన గదా. ఆ పిల్లకు తాళి దొరికిందా?"

"ఏ పిల్లకు అత్తమ్మా?"

"గా టీవీల పిల్లకే. నా తాళి, నా తాళి అని అంత గోస పడ్డది గదా."

నా చేతిలో చాయ్ గిన్నె ఉంది కాబట్టి కూలబడలేదు. మేం ఇళ్ళల్లో పుస్తె అంటాం. టీవీ మనుషులూ, చదువుకున్నోళ్ళూ తాళి అంటారని అత్తమ్మ సినిమాలు చూసి నేర్చుకుంది. అంటే ముందురోజు ఒకే తెరమీద నేనొక కథ చూశాను, ఆమె ఇంకో కథ చూసింది. నిజం చెప్పక తప్పలేదు. నాతాళ్ అంటే పండుగనీ, సిస్టరమ్మకు లేనిది తాళి కాదు, పండుగ అనీ, సెలవు వేరే ఆమెకు ఇచ్చిందనీ విడమరిచి చెప్పాను. పొరపాటున ఇచ్చిన గుండ్లు కాబట్టి, ఊ అంటే నేనే వెళ్ళి మెల్లగా అడిగి తెస్తానని కూడా అన్నాను.

అత్తమ్మ పొయ్యి ఊదడం ఆపలేదు. పొగలోంచే మాట్లాడింది.

"లేదు అన్నదా, లేదా?"

"అన్నది."

"ఇగ ఏది లేకుంటేంది? పండుగ లేకున్నా మెడ బోసే." కాసేపు ఊది, గొంతు తగ్గించింది. "ఆమెకు జెప్పకు బిడ్డా. తప్పుగ ఇన్నా అని తెలిస్తే తెచ్చి ఇచ్చేస్తది."

మామయ్య కూడా గుండ్లేవని అడిగాడు. ఉన్నాయంది. ఎక్కడంటే పక్కింట్లో అంది. ఆయన ఒక్క క్షణం చాయ్ తాగడం ఆపి, మళ్ళీ తాగాడు. గనిలో పనిచేసిన మనిషి. భూమి అదిరినా ముందు గ్లాసు పట్టుకుంటాడు.

శుక్రవారం అనుకున్నట్టే వచ్చింది. కొత్త పసుపుతాడుకు ఆ పాత పుస్తెలే ఎక్కించి నేనే ముడివేశాను. అత్తమ్మ అద్దంలో చూసుకుంది. రోజూ ఒక్క క్షణం చూసుకునేది, ఆ రోజు రెండు క్షణాలు చూసుకుంది. తర్వాత పప్పు కడగడానికి వెళ్ళిపోయింది.

క్రిస్మస్ పొద్దున సిస్టరమ్మ డ్యూటీకి పోతూ మా గుమ్మంలో ఆగింది. మా వీధిలో బొగ్గుపొడికి తెల్లబట్ట దండెం మీద ఉండగానే బూడిదరంగు ఉద్యోగంలో చేరిపోతుంది. అట్లాంటిది ఆమె కట్టిన చీర ఆ రోజు పాలలా మెరిసింది. మెడలో శిలువకు అటొక గుండు, ఇటొక గుండు. అత్తమ్మ చేతులు తుడుచుకుని దగ్గరికెళ్ళి, ఒకవైపు జరిగిన గుండును వేలితో సరిచేసింది.

"మావ్‌శీ, మాకు నాతాళ్ వచ్చింది," అంది సిస్టరమ్మ.

అత్తమ్మ నా వైపు ఓరగా ఒక చూపు విసిరి, ఆమె వైపు తిరిగింది.

"వచ్చింది గదా. పైలంగ పెట్టుకో."