మూడోసారికి ముందు మంచినీళ్లు

మొన్న మా మేనల్లుడు పలాసలో ఇంటి అరుగు మీద కూర్చుని, కాఫీ చల్లారేలోగా ఫోనులోనే మట్టి తవ్వే పాత ప్రొక్లెయిన్ ఒకటి వేలంలో పాడేశాడు. తెరమీద గడువు కరిగిపోతుంటే వీడి బొటనవేలు పరుగెత్తింది. నేను కళ్లజోడు తుడుచుకునేసరికి యంత్రం మాదైపోయింది. సాయంత్రం అలవాటుగా డైరీ తెరిస్తే, కలం టెక్కలి దారి పట్టింది.

అక్కడి రాతి క్వారీల పాత యంత్రాలను అమ్మిపెట్టే ఒక వేలం యార్డులో నేను చాలా ఏళ్లు గుమస్తాగా ఉన్నాను. సరుకు ఉన్నది ఉన్నట్టుగా అమ్మకం, తరవాత పేచీ లేదు. అందుకే పాట తానే నడిపే మా యజమాని, పెద్దాయన, రెండు పద్ధతులు పెట్టుకున్నారు. కొనేవాళ్లు వచ్చేదాకా ఏ ఇంజనూ స్టార్టు చేయకూడదు. అరిగిన ఇంజను చల్లగా ఉన్నప్పుడే మొరాయిస్తుంది, ముందే నడిపి వేడెక్కిస్తే ఆ జబ్బు దాగిపోతుంది. ఇక రెండోది, 'రెండోసారి' అన్నాక ఆగి, గ్లాసుడు మంచినీళ్లు నిదానంగా తాగేవారు, పాడేవాడు తనవాళ్ల మొహం ఒకసారి చూసుకోవాలని. పాట చల్లారిపోతోందని అమ్మేవాళ్లు విసుక్కున్నా ఆయన వినేవారు కాదు.

తుఫానుకు ఉద్దానం తోటలు నేలకొరిగిన ఏడు మా బావ, మిగిలిన జీడితోట కూడా అమ్మేసి, పడిపోయిన కొబ్బరి మానులు తీసే పనికి అద్దెకు తిప్పుదామని ప్రొక్లెయిన్ కొనడానికి అక్కతో కలిసి వచ్చాడు. ఆ తోట డబ్బు పోతే తినడానికి ఇంకేమీ లేదు. పోటీకి దిగిన క్వారీ కాంట్రాక్టరు, "కొబ్బరికాయలు దించుకునీవోడివి, నీకీ ఇనప ఏనుగెందుకు బావా" అనేసరికి ఆయనకు పౌరుషం పొడుచుకొచ్చి, ఎత్తిన చెయ్యి దించడం మానేశాడు. నేను యార్డు మనిషిని, నోరు విప్పకూడదు.

బావ పాట మీదే రెండోసారి అయింది. పెద్దాయన గ్లాసు ఎత్తారు. అక్క బావ చొక్కా పట్టి లాగింది.

"మావా, పొద్దున్న మనం వచ్చీసరికే దాని మీద సెయ్యెట్టి సూసినాను. ఏడిగుంది."

"ఎండకి ఏడెక్కుంటాది."

"ఎండేటి, అప్పుడది నీడలోనే ఉంది."

ఆ మాట చెవినపడి పెద్దాయన గ్లాసు దించేశారు. పాట ఆపి, సాయంత్రం దాకా దాన్ని చల్లారనిచ్చి, అందరి ముందూ తాళం తిప్పించారు. దగ్గింది, పొగ కక్కింది, లేవలేదు. అమ్మేవాళ్ల డ్రైవరు పొద్దున్నే వచ్చి నడిపి పెట్టాడట. దాన్ని అప్పటికప్పుడే తీసుకుపొమ్మని అమ్మేవాళ్లకు చెప్పి, 'మా కాపలా లోపం తల్లీ' అన్నారాయన అక్కతో. బతికిపోయిన కాంట్రాక్టరు బావకు టీ తాగించాడు. తరవాతి వేలంలో అక్కడే బావ ఇంకాస్త చిన్న యంత్రం పాడుకున్నాడు; మేనల్లుడి చదువంతా దాని చలవే.

ఇప్పటివాళ్లను తప్పుపట్టను. ఫొటోలు, వీడియోలు, తనిఖీ రిపోర్టు అన్నీ పంపుతున్నారు, రానూపోనూ శ్రమా లేదు. ఆ గ్లాసుడు నీళ్లు తాగేంత వ్యవధి మాత్రం ఎక్కడా కనిపించదు.

నిన్న ట్రైలరు మీంచి యంత్రం దిగగానే, అందరికంటే ముందు అక్క చేతికర్ర పొడుచుకుంటూ వెళ్లి ఇంజను మీద అరచెయ్యి ఆనించింది. ఎలా ఉందని అడిగాను.

"సల్లగానే ఉంది రా. కొనీసినాక సూసి ఏటి సేత్తాం," అంది. చెయ్యి మాత్రం చాలాసేపు తియ్యలేదు.